ఒట్టో: చక్రవర్తుల పేరు, తాతల పేరు, మళ్లీ పసిపిల్లల పేరు

1815 వసంతంలో, ఏప్రిల్ 1కీ జూన్ 11కీ మధ్య, ముగ్గురు మగపిల్లలు పుట్టారు. ముగ్గురికీ ఒట్టో అనే పేరు పెట్టారు. మొదటివాడు ప్రష్యాలోని షోన్‌హౌజెన్ పల్లెలో ఒక జమీందారు కొడుకు. పెద్దయ్యాక చెల్లాచెదురుగా ఉన్న జర్మన్ రాజ్యాలను ఒక్కటి చేసి, 1871లో ఆ కొత్త సామ్రాజ్యానికి తొలి ఛాన్సలర్ అయ్యాడు. ఆయనే బిస్మార్క్. రెండోవాడు బవేరియా రాజవంశంలో పుట్టి, 1832లో, మీసాలు సరిగా రాని వయసులోనే, గ్రీసు దేశానికి రాజుగా ఎంపికయ్యాడు. మూడోవాడు సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో స్థిరపడిన జర్మన్ కుటుంబంలోవాడు, ఒట్టో ఫాన్ బోట్లింక్. పాతికేళ్లయినా నిండకముందే పాణిని అష్టాధ్యాయిని బాన్ నగరంలో అచ్చు వేయించే పనికి పూనుకున్నాడు. ఆ తర్వాత రూడోల్ఫ్ రోట్‌తో కలిసి 1855 నుంచి 1875 దాకా ఇరవై ఏళ్లు శ్రమించి ఏడు సంపుటాల సంస్కృత–జర్మన్ నిఘంటువు తెచ్చాడు. భర్తృహరి శ్లోకాలు మొదలుకొని వేల సుభాషితాలను ఏరి, జర్మన్ అనువాదంతో సహా పుస్తకాలుగా వేశాడు. సంస్కృతం లోతుగా చదివే మన పండితులు ఆయన నిఘంటువును నేటికీ తిరగేస్తూనే ఉన్నారు.

ఒకడు రాజనీతిజ్ఞుడు, ఒకడు పరాయి దేశపు రాజు, ఒకడు వ్యాకరణవేత్త. ముగ్గురినీ కలిపేది పేరొక్కటే. జర్మన్ లిపిలో అది నాలుగు అక్షరాల పేరు, ఎటునుంచి చదివినా ఒకటే. ఇవాళ జర్మనీలో ఆ పేరు ఎత్తితే ఎవరికేం గుర్తొస్తుందన్నది వాళ్ల వయసును బట్టి ఉంటుంది. డెబ్బై ఏళ్లవారికి మేనమామో పెదనాన్నో గుర్తొస్తాడు. యాభై ఏళ్లవారికి టీవీలో గెంతే హాస్యనటుడు గుర్తొస్తాడు. ముప్ఫై ఏళ్ల తల్లికి శిశువిహారంలో తన కొడుకు పక్కన కూర్చునే పిల్లవాడు గుర్తొస్తాడు. పేరుకు సొంత స్వభావం అంటూ ఒకటి ఉంటుందని నేను నమ్మను. మోసినవాళ్లు దానికి రంగు పూస్తారు, తర్వాతివాళ్లు ఆ రంగు చూసి మెచ్చుకుంటారు లేదా మొహం తిప్పుకుంటారు. వెయ్యేళ్లకు పైగా ఈ వ్యవహారం ఎలా నడిచిందో చూడాలంటే ఒట్టో కంటే మంచి పేరు నాకు కనబడలేదు.

ప్రాచీన జర్మానిక్ జాతులవారి పేర్లు చాలావరకు రెండు ముక్కలు. ఫ్రీడ్‌రిష్, సీగ్‌ఫ్రీడ్, విల్‌హెల్మ్ – అన్నీ ఆ కోవలోవే. శాంతి, విజయం, బలం, శిరస్త్రాణం లాంటి మాటలను జతకూర్చి పేర్లు చేసేవారు. సంపద, ఆస్తి అని అర్థమిచ్చే ‘ఓట్’ అనే ముక్కతోనూ ఓట్‌ఫ్రీడ్, ఓట్‌మార్ లాంటి పేర్లు పుట్టాయి. అంత పొడుగు పేరును ఇంట్లోవాళ్లు ముద్దుగా కత్తిరించి పిలిస్తే ఒడో, ఒట్టో అయ్యాయి. అంటే తర్వాత చక్రవర్తులు ధరించిన ఈ పేరు మొదట్లో ముద్దుపేరే. ఆడపిల్లల పేర్లలో ఓడా, ఒట్టీలియె దీని బంధువులే. క్రీ.శ. 69లో కొద్ది నెలలు రోమ్‌ను ఏలిన ఓథో చక్రవర్తికీ దీనికీ సంబంధం లేదు, అది వేరే పేరు. తుర్కుల ఒట్టోమన్ సామ్రాజ్యంతోనూ లేదు, అది ఉస్మాన్ పేరు మీద వచ్చింది.

పేరుకు తొలి వైభవం పదో శతాబ్దంలో వచ్చింది. సాక్సనీ డ్యూకుల వంశంలో తాత పేరు ఒట్టో. 912లో ఆ తాత కన్నుమూశాడు, అదే ఏడాది నవంబరులో మనవడు పుట్టాడు. తాత పేరు మనవడికి పెట్టారు. ఆ మనవడు 936లో ఆహెన్ నగరంలో రాజయ్యాడు. 955 ఆగస్టులో ఔగ్స్‌బుర్గ్ దగ్గర లెహ్‌ఫెల్డ్ మైదానంలో మగ్యార్ దండులను ఓడించాడు. దశాబ్దాలుగా యూరప్‌ను వణికించిన వాళ్ల దాడులు అక్కడితో ఆగిపోయాయి. 962 ఫిబ్రవరి 2న రోమ్‌లో పోప్ చేతుల మీదుగా చక్రవర్తి కిరీటం ధరించాడు. చరిత్రకారులు ఆయన్ని మహా ఒట్టో అంటారు. ఆయన కొడుకూ ఒట్టోనే, మనవడూ ఒట్టోనే.

ఆ మనవడి కథ చదివినప్పుడల్లా నాకు మనసు పట్టేసినట్టవుతుంది. 983 క్రిస్మస్ రోజున ఆహెన్‌లో ఆ పిల్లవాడికి రాజుగా పట్టాభిషేకం చేశారు. అప్పటికి వాడికి మూడేళ్లు. తండ్రి రెండో ఒట్టో రోమ్‌లో ఉన్నాడని అందరూ అనుకుంటున్నారు. నిజానికి తండ్రి డిసెంబరు 7నే అక్కడ చనిపోయాడు. ఆల్ప్స్ పర్వతాలు దాటి కబురు రావడానికి రోజులు పట్టింది. పట్టాభిషేకం ముగిసిన తర్వాత గానీ తెలియలేదు. బైజాంటియం నుంచి కోడలిగా వచ్చిన తల్లి థియోఫాను, ఆమె తర్వాత నాయనమ్మ అడెల్‌హైడ్ రాజ్యభారం మోశారు. 996లో ఆ కుర్రవాడు చక్రవర్తి అయ్యాడు. రోమ్‌ను మళ్లీ లోకానికి రాజధాని చేయాలని కలలు కన్నాడు. 1000వ సంవత్సరంలో ఆహెన్‌లో షార్లమేన్ సమాధి తెరిపించి చూశాడు. 1002 జనవరిలో, ఇటలీలో, ఇరవై ఒక్క ఏళ్లకే పోయాడు.

మొదటి ఒట్టోను పాతిపెట్టింది ఆయన ప్రేమగా పెంచిన మాగ్డెబుర్గ్ నగరంలో. ఈ నగరానికి ఇంకో ఒట్టో ఉన్నాడు. బడిలో భౌతికశాస్త్రం చదివిన తెలుగు పిల్లలు చాలామంది ఆయన ప్రయోగం గురించి వినే ఉంటారు. రెండు లోహపు అర్ధగోళాలను ఒకదానికొకటి ఆనించి, లోపలి గాలి తోడేసి, రెండు వైపులా గుర్రాలను కట్టి లాగించినా విడిపోని ఆ ప్రయోగాన్ని చేసింది ఒట్టో ఫాన్ గెరికె. 1654లో రేగెన్స్‌బుర్గ్‌లో చక్రవర్తి సభ ముందు తన వాయుపంపు ప్రయోగాలు చేసి చూపించాడు. తర్వాత మాగ్డెబుర్గ్‌లో పదహారు గుర్రాలతో అర్ధగోళాలను లాగించాడు. ఆ నగరానికి మేయరు కూడా ఆయనే. 1631లో ముప్ఫై ఏళ్ల యుద్ధంలో సైన్యాలు నగరాన్ని తగలబెట్టి వేలమందిని నరికినప్పుడు బతికి బయటపడి, ఆ తర్వాత నగరాన్ని తిరిగి కట్టే పనిలో నిలబడ్డాడు. ఈ ఇద్దరి పుణ్యాన మాగ్డెబుర్గ్ తనను తాను ఒట్టోల నగరం అని చెప్పుకుంటుంది. ఆ గౌరవం ఇద్దరికీ తగినదే. అందులో నా మొగ్గు మాత్రం మేయరు వైపే.

మధ్యయుగం గడిచేకొద్దీ బైబిలు పేర్లు, సాధువుల పేర్లు జర్మన్ ఇళ్లను నింపేశాయి. యోహానెస్ అన్న పేరు హాన్స్‌గా ప్రతి వీధిలో వినిపించేది. పీటర్, యాకోబ్, గియోర్గ్ లకు లెక్కే లేదు. ఒట్టో మాత్రం ఎక్కువగా కులీనుల ఇళ్లలో, పూర్వీకుల గౌరవార్థం తరతరాలకు చేతులు మారుతూ బతికింది. మళ్లీ సాహిత్యంలోకి విచిత్రంగా వచ్చింది. 1809లో గేటె రాసిన ‘దీ వాల్‌ఫెర్‌వాంట్‌షాఫ్టెన్’ నవలలో నలుగురు ప్రధాన పాత్రలు. ఎడ్వర్డ్ అనే జమీందారుకు బాప్టిజంలో పెట్టిన పేరు ఒట్టో. అతని స్నేహితుడైన కెప్టెన్ పేరూ ఒట్టోనే. చిన్నప్పుడు ఇద్దరికీ ఒకే పేరుతో ఇబ్బంది అవుతోందని ఎడ్వర్డ్ ఆ పేరును స్నేహితుడికి వదిలేశాడు. భార్య షార్లొట్టె, ఆమె పెంపకంలో ఉన్న ఒట్టీలియె పేర్లలోనూ అదే ధ్వని. పుట్టిన బిడ్డకు పెట్టింది కూడా ఒట్టో అనే. నలుగురి మనసులు ఒకరిలో ఒకరు కలిసిపోయి విడిపోలేక నలిగే కథకు గేటె ఒకే పేరును ఇలా లోలోపల అల్లాడు. ఇంత నిశితంగా పేరును వాడిన నవల నాకు మరొకటి తెలియదు.

పేరు సామాన్యుల ఇళ్లకు ఉరకలు వేస్తూ వచ్చింది పంతొమ్మిదో శతాబ్దపు రెండో భాగంలో. జర్మన్లు తమ పాత చరిత్రను, పాత పేర్లను గర్వంగా తవ్వుకుంటున్న కాలం అది. పైన బిస్మార్క్ కీర్తి. వీధులకు, గోపురాలకు, చివరికి పులుసులో ఊరబెట్టిన హెరింగ్ చేపకు కూడా బిస్మార్క్ పేరే పెట్టారు. బడి పంతులు, రైల్వే గుమాస్తా, దర్జీ – అందరి ఇళ్లలోనూ ఒట్టోలు పుట్టారు.

ఆ శతాబ్దపు ఒట్టోలు చేసిన పనులు చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. పోమెరానియాలో, ఆంక్లామ్ ఊళ్లో 1848లో పుట్టిన ఒట్టో లీలియెన్‌టాల్ కొంగల రెక్కలు గమనించి, విల్లో కర్రలూ బట్టతో రెక్కలు కట్టుకుని 1891 నుంచి కొండల మీద నుంచి దూకి గాలిలో తేలాడు. 1896 ఆగస్టులో ష్టోల్న్ దగ్గర పడిపోయి మర్నాడు బెర్లిన్‌లో ప్రాణం విడిచాడు. రైట్ సోదరులు ఆయన రాతలు చదివే తమ పని మొదలుపెట్టారు. ఇంటిపేరుగా ఒట్టో ఉన్న నికోలౌస్ ఆగస్ట్ ఒట్టో 1876లో కొలోన్ దగ్గర డోయ్ట్స్‌లో నాలుగు స్ట్రోకుల ఇంజిన్ నడిపించాడు. జర్మన్లు పెట్రోలు ఇంజిన్‌ను ఇప్పటికీ ఒట్టోమోటర్ అంటారు. మన ఇంజినీరింగ్ కాలేజీల్లో థర్మోడైనమిక్స్ క్లాసులో చెప్పే ఒట్టో సైకిల్ ఈయన పేరు మీదిదే. విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర, హైదరాబాద్ పంజాగుట్టలో సిగ్నల్ కోసం ఆగిన ప్రతి పెట్రోలు బండి సిలిండర్లోనూ ఆ చక్రమే తిరుగుతుంది.

నోబెల్ బహుమతుల జాబితాలో 1910 నుంచి 1950 దాకా చూడండి: ఒట్టో వాలాఖ్, ఒట్టో మేయర్‌హోఫ్, ఒట్టో వార్‌బుర్గ్, ఒట్టో లోవీ, ఒట్టో ష్టెర్న్, ఒట్టో హాన్, ఒట్టో డీల్స్. ఏడుగురు. మొదటి ఐదుగురూ యూదు మూలాలున్న కుటుంబాల వాళ్లు.

ఈ వాస్తవం దగ్గర కాసేపు ఆగాలి. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో జర్మన్ యూదు తల్లిదండ్రులు తమ పిల్లలకు ఒట్టో, సీగ్‌ఫ్రీడ్, లూడ్విగ్ అని పేర్లు పెట్టారంటే, ఈ దేశం మాది, ఈ చరిత్ర మాది అని నమ్మి పెట్టారు. 1889లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో పుట్టిన ఒట్టో ఫ్రాంక్ మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్ సైన్యంలో అధికారిగా పోరాడాడు. 1933లో ఆయన, వెనకే భార్యాపిల్లలు ఆమ్‌స్టర్‌డామ్ వెళ్లిపోవలసి వచ్చింది. ఔష్‌విట్స్ నుంచి ఒక్కడే ప్రాణాలతో తిరిగొచ్చి, చిన్న కూతురు ఆన్ రాసుకున్న డైరీని 1947లో అచ్చు వేయించాడు. గ్రాట్స్‌లో ఒట్టో లోవీని 1938 మార్చిలో అరెస్టు చేశారు. నోబెల్ డబ్బు నాజీలకు అప్పగించాకే దేశం విడిచి వెళ్లనిచ్చారు. అదే ఏడాది ఆగస్టులో ఒక ఉత్తర్వు వచ్చింది. ప్రభుత్వం ఇచ్చిన జాబితాలోని పేర్లు లేని యూదులందరూ 1939 జనవరి నుంచి మగవాళ్లయితే ఇజ్రాయెల్ అని, ఆడవాళ్లయితే సారా అని తమ పేరుకు చేర్చుకోవాలన్నారు. జర్మన్ పేరున్న యూదుడు ఆ పేరుతో జర్మన్‌గా కనబడకూడదన్నది దాని ఉద్దేశం. తండ్రి ప్రేమగా పెట్టిన పేరు పక్కన ప్రభుత్వం ముద్ర వేసినట్టు ఇంకో పేరు తగిలించారు. మనిషిని దేశం నుంచి గెంటేసే పని అతని పేరు దగ్గరే మొదలవుతుందనడానికి ఇంతకంటే నిలువెత్తు సాక్ష్యం ఉండదు.

నాజీల పక్షాన ఒట్టోలు లేకపోలేదు. యూదుల సామూహిక హత్యలకు రవాణా ఏర్పాట్లు చేసిన ఐఖ్‌మాన్ పూర్తి పేరు ఒట్టో ఆడోల్ఫ్ ఐఖ్‌మాన్. ఎదురు నిలిచినవాళ్లలోనూ ఒట్టోలున్నారు. 1933 మార్చి 23న హిట్లర్‌కు సర్వాధికారాలిచ్చే చట్టం పార్లమెంటు ముందుకొచ్చినప్పుడు, సభ నిండా నాజీ సాయుధ దళాలు నిలబడి ఉండగా, సోషల్ డెమొక్రాట్ల నాయకుడు ఒట్టో వెల్స్ లేచి వ్యతిరేకంగా మాట్లాడాడు. ఆయన పార్టీవాళ్లు తొంభై నలుగురు వ్యతిరేకంగా ఓటేశారు. వెల్స్ తర్వాత ప్రవాసంలో, 1939లో పారిస్‌లో చనిపోయాడు. బెర్లిన్ రోజెన్‌టాలర్ వీధిలో బ్రష్షులు తయారు చేసే చిన్న కార్ఖానా నడిపిన ఒట్టో వైట్ తనకే చూపు సరిగా ఆనకపోయినా, అంధులు, బధిరులైన యూదు కార్మికులను పనిలో పెట్టుకుని, అధికారులకు లంచాలిచ్చి, కొందరిని కార్ఖానా వెనక గదిలో దాచి కాపాడే ప్రయత్నం చేశాడు. ఆ కార్ఖానా ఇప్పుడు మ్యూజియం. ఆడోల్ఫ్ అన్న పేరు 1945 తర్వాత మరి లేవలేదు. అదంతా ఒకే మనిషికి అంటుకుపోయింది. ఒట్టో అలా ఏ ఒక్కడికీ చిక్కలేదు. దాన్ని మోసినవాళ్లు ఎందరో, రకరకాలవాళ్లు.

అణుకేంద్రక విచ్ఛిత్తి కథలోనూ ఇద్దరు ఒట్టోలున్నారు. 1938 డిసెంబరులో బెర్లిన్‌లో ఒట్టో హాన్, ఫ్రిట్స్ ష్ట్రాస్‌మాన్ యురేనియంను న్యూట్రాన్లతో కొడితే బేరియం కనబడింది. ఎందుకో వాళ్లకు అంతుపట్టలేదు. హాన్ తన పాత సహచరి లీజె మైట్నర్‌కు ఉత్తరం రాశాడు. యూదురాలైన ఆమె కొన్ని నెలల కిందటే స్వీడన్‌కు తప్పించుకుంది. క్రిస్మస్ సెలవులకు ఆమె దగ్గరికొచ్చిన అక్క కొడుకు ఒట్టో ఫ్రిష్. పిన్నీ కొడుకూ మంచులో నడుస్తూ, చెట్టు మొద్దు మీద కూర్చుని కాగితం మీద లెక్కలు వేసి, కేంద్రకం రెండుగా చీలిందని తేల్చారు. ఆ ప్రక్రియకు పేరు పెట్టింది ఫ్రిష్. నోబెల్ మాత్రం హాన్ ఒక్కడికే దక్కింది. మైట్నర్‌కు ఇవ్వకపోవడం ఆ బహుమతి చరిత్రలో పెద్ద అన్యాయం.

యుద్ధం ముగిశాక పేరు స్థాయి మారిపోయింది. 1948లో వచ్చిన ‘బెర్లీనర్ బల్లాడె’ సినిమాలో గెర్ట్ ఫ్రోబె ఒక పాత్ర వేశాడు. సైన్యం నుంచి విడుదలై శిథిలమైన బెర్లిన్‌కు తిరిగొచ్చిన బక్కపలచని సిపాయి. పేరు ఒట్టో నార్మాల్‌ఫెర్‌బ్రౌఖర్. ఏ ప్రత్యేక కోటాకూ నోచుకోని మామూలు వినియోగదారుడికి రేషన్ కార్డు మీద ఉండే మాటే ఆ ఇంటిపేరు. సినిమా పాతబడింది గానీ పేరు నిలిచింది. ఇప్పటికీ జర్మన్ పత్రికలు సగటు మనిషి గురించి రాయాలంటే ఆ పేరే రాస్తాయి. ఆకలితో, బూటు అడుగు అరిగిపోయి, అయినా తలెత్తుకుని నడిచే మనిషికి ఆ పేరు అతికినంత బాగా చక్రవర్తులకు కూడా అతకలేదని నాకనిపిస్తుంది.

తర్వాతి తల్లిదండ్రులు ఆ పేరును పక్కన పెట్టారు. పీటర్, మిహాయేల్, తోమాస్, ఆండ్రేయాస్ వచ్చాయి. ఒట్టో మేనమామల పేరైంది. హాంబుర్గ్‌లో వెర్నర్ ఒట్టో 1949లో మొదలుపెట్టిన తపాలా అమ్మకాల సంస్థ పేరుతో ప్రతి ఇంటికీ కేటలాగు వచ్చేది. మొదటిది 1950లో చేత్తో కుట్టిన మూడు వందల ప్రతులు, అందులో ఇరవై ఎనిమిది జతల చెప్పులు, బూట్ల బొమ్మలు. ఆగని విరేచనాలకు కూడా జనం సరదాగా ఒట్టో పేరే తగిలించారు. ఎమ్డెన్ నుంచి వచ్చిన హాస్యనటుడు ఒట్టో వాల్కెస్ 1985లో తీసిన సినిమాకు దేశం దేశమే పగలబడి నవ్వింది. ఆస్ట్రియా కవి ఎర్న్‌స్ట్ యాండ్ల్ ఒట్టోనూ అతని కుక్కనూ పట్టుకుని, ఒకే అచ్చుతో సాగే కవిత రాశాడు. బడి పిల్లలు దాన్ని ఆడుతూ పాడుతూ నేర్చుకుంటారు. అప్పటి జర్మన్ పిల్లవాడికి ఒట్టో అంటే నవ్వు. బిస్మార్క్ విగ్రహం ముందు నిలబడినా అదే.

నవ్వుల మధ్య ఒక్కసారి రాచరికం తిరిగొచ్చింది. 1815లో పుట్టిన ఆ గ్రీసు రాజును గుర్తు చేసుకోండి. 1834లో రాజధానిని ఏథెన్స్‌కు మార్చింది ఆయన కాలంలోనే. 1843లో ప్రజలు రాజభవనం ముందు నిలబడి రాజ్యాంగం ఒప్పించుకున్న చోటే నేటి సింటాగ్మా చౌరస్తా. 1862లో గ్రీకులు ఆయన్ని పంపించేశారు. బాంబెర్గ్‌లో పోయాడు. దాదాపు నూట నలభై ఏళ్లకు ఇంకో ఒట్టో అదే దేశానికి వెళ్లాడు. ఎస్సెన్‌లో పుట్టిన ఫుట్‌బాల్ శిక్షకుడు ఒట్టో రేహాగెల్. 2004 జులై 4న లిస్బన్‌లో గ్రీసు జట్టు పోర్చుగల్‌ను 1–0తో ఓడించి యూరప్ విజేత అయింది. ఎవరూ ఊహించని గెలుపు అది. ఏథెన్స్ రోడ్ల మీదికి జనం పొంగిపొర్లారు. జర్మన్ పత్రికలు ముందునుంచే ఆయన్ని రాజు ఒట్టో అనేవి. ఆ బిరుదు గ్రీసులో నిజంగా సార్థకమైంది.

ఈ శతాబ్దంలో ఒట్టో మళ్లీ ఊయల్లోకి వచ్చింది. కారణం వెతకాలంటే ముందు కెవిన్ సంగతి చూడాలి. ఇంట్లో ఒంటరిగా మిగిలిన కుర్రవాడి హాలీవుడ్ సినిమా 1991లో జర్మనీలో ఆడింది, అదే ఏడాది కెవిన్ పేరు జర్మన్ మగపిల్లల పేర్లలో అగ్రస్థానానికి వెళ్లింది. కొన్నేళ్లకు ఆ పేరు చదువు లేని కుటుంబాల గుర్తుగా మారింది. 2009లో ఓల్డెన్‌బుర్గ్ విశ్వవిద్యాలయంలో చేసిన ఒక పరిశీలనలో, ప్రాథమిక పాఠశాల టీచర్లు కెవిన్ అనే పేరు వినగానే అల్లరి, వెనకబాటు ఊహించుకుంటున్నారనీ, యాకోబ్, మాక్సిమిలియన్ లాంటి పేర్లు వింటే మంచి అభిప్రాయం ఏర్పరచుకుంటున్నారనీ తేలింది. ఏ పాపమూ తెలియని పిల్లవాడి మీద పేరు చూసి తీర్పు చెప్పడం ఘోరం. కానీ తల్లిదండ్రులు దాని నుంచి నేర్చుకున్నది ఒకటుంది. పాత పేరు సురక్షితం.

అన్ని పాత పేర్లకూ ఆ భాగ్యం దక్కదు. అమ్మానాన్నల తరం పేరు విసుగు పుట్టిస్తుంది. తాతల పేరు ముసలితనాన్ని గుర్తు చేస్తుంది. ముత్తాత పేరు మాత్రం ఎవరి మొహమూ అంటుకోకుండా కొత్తగా దొరుకుతుంది. 1880, 1910 మధ్య పుట్టిన ఒట్టోలు 1990ల నాటికి దాదాపు అందరూ వెళ్లిపోయారు. పైగా లియో, తేయో, మాటేయో లాంటి ‘ఓ’తో ముగిసే పేర్లు కొత్త తరానికి ఇష్టం. ఒట్టో పొట్టిగా, గుండ్రంగా ఆ వరసలో ఒదిగిపోతుంది, జర్మన్ గానే ఉంటుంది. ఎమిల్, ఆంటన్, ఓస్కార్, కార్ల్, ఫ్రీడా, ఈడా కూడా ఇదే దారిలో తిరిగొచ్చాయి. నిజమైన గొడవ ఇంట్లోనే. అరవై దాటిన నాయనమ్మలు, అమ్మమ్మలు ఈ పేరు వినగానే మొహం చిట్లిస్తారు. వాళ్లకు ఒట్టో అంటే చుట్ట వాసన, యుద్ధంలో కాలు పోగొట్టుకున్న పెదనాన్న. కోడలికి ఆ జ్ఞాపకం లేదు. బిడ్డ పేరు నమోదు కార్యాలయంలో రాయించేది కోడలూ కొడుకే కాబట్టి మాట వాళ్లదే నెగ్గుతోంది.

హోర్స్ట్, గ్యుంటర్, హెల్ముట్, ఊవె, డెట్లెఫ్ మాత్రం ఇంకా గుమ్మం బయటే ఉన్నాయి. ఆ పేర్లవాళ్లు ఇప్పుడు పెన్షన్ తీసుకుంటూ, పార్కు బెంచీల మీద కూర్చుని ఉన్నారు. హోర్స్ట్ మీద అదనంగా నాజీ కాలపు మరక కూడా ఉంది. హోర్స్ట్ వెస్సెల్ అనే కార్యకర్తను అమరవీరుణ్ణి చేసి, ఆయన పాటను పార్టీ గీతంగా పాడించారు. ఒట్టోను రక్షించిన వైవిధ్యం హోర్స్ట్‌కు లేదు. అందుకే అది తిరిగి రావడానికి ఒట్టో కంటే ఎక్కువ కాలం పడుతుందనీ, ఊవె, గ్యుంటర్ దానికంటే ముందే వస్తాయనీ నా అంచనా.